సెలవుల్లో ‘మార్కెటింగ్ ఉద్యోగం’ అని పిలిస్తే, వెళ్ళేముందు ఇవి అడగండి

మొన్న రాత్రి మా బాబాయి కూతురు నాకో ఫోటో పంపింది. కాలేజీ గేటు పక్కన స్తంభానికి అంటించిన కాగితం అది. "సెలవుల్లో స్టూడెంట్లకి మంచి అవకాశం. అనుభవం అక్కర్లేదు. మీకు వీలైన టైమ్‌లోనే పని. ప్రతి వారం పేమెంట్. ఖాళీలు కొన్నే ఉన్నాయి, వెంటనే ఫోన్ చేయండి." కింద ఒక ఫోన్ నంబరు, ఎవరిదో పేరు. అంతే. "అక్కా, రేపు పదకొండుకి ఇంటర్వ్యూకి రమ్మన్నారు, ఏ డ్రెస్ వేసుకెళ్ళమంటావ్?" అని అడిగింది.

డ్రెస్ సంగతి పక్కన పెట్టి వెంటనే ఫోన్ చేశాను. గంట దాటి మాట్లాడుకున్నాం. ఎందుకంటే డిగ్రీ రెండో ఏడాది సెలవుల్లో ఇలాంటి కాగితమే చూసి నేనూ ఒక ఆఫీసు మెట్లెక్కాను. ఇరవై ఒక్క రోజులు చేశాను. ఇప్పుడు ఒక కంపెనీలో జీతాల సెక్షన్‌లో ఉన్నాను. ఎవరు ఎన్ని గంటలు పని చేశారు, ఎంత రావాలి, ఎందులో కోత పడింది అని చూడటమే పొద్దున్నించి సాయంత్రం దాకా నా పని. ఆ ఇరవై ఒక్క రోజులకీ లెక్క కట్టడం నాకు ఈ ఉద్యోగంలోకి వచ్చాకే చేతనైంది. చెల్లికి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా డిగ్రీయో ఇంజనీరింగో చదివే పిల్లలుంటే వాళ్ళ చేత చదివించండి.

కాగితంలో ఏం రాయలేదో చూడండి

ఆ ప్రకటనని మళ్ళీ ఒకసారి చదవండి. కంపెనీ పేరు లేదు. పని ఏమిటో లేదు. ముఖ్యంగా "అమ్మడం" అన్న మాట ఎక్కడా లేదు. కొన్ని ప్రకటనల్లో "కస్టమర్ సర్వీస్" అని, కొన్నిట్లో "మేనేజ్‌మెంట్ ట్రైనీ" అని, ఇంకొన్నిట్లో "బ్రాండ్ ప్రమోషన్" అని ఉంటుంది. నిజంగా మనిషి కావలసిన వాళ్ళు పని పేరు దాచరు. కౌంటర్లో కూర్చోవాలంటే క్యాషియర్ అని రాస్తారు, పిల్లలకి లెక్కలు చెప్పాలంటే ట్యూషన్ టీచర్ అని రాస్తారు. "మీ చుట్టాల ఇళ్ళకి వెళ్ళి మా వస్తువు అమ్మాలి, అమ్మితేనే డబ్బులు" అని ఉన్నదున్నట్టు రాస్తే ఫోన్ చేసేవాళ్ళు చాలా తగ్గిపోతారు. అందుకే ఆ ముక్క రాయరు.

కాబట్టి ఫోన్ చేసినప్పుడే మూడు ప్రశ్నలు అడగండి. కంపెనీ పూర్తి పేరేమిటి? నేను చేయాల్సిన పని అమ్మడమా, అయితే ఏ వస్తువు? ఒక వారమంతా తిరిగినా ఒక్కటి కూడా అమ్ముడు కాకపోతే నాకు ఎంత వస్తుంది? ఈ మూడింటికీ నేను విన్న జవాబు ఒక్కటే: "అవన్నీ ఇంటర్వ్యూలో చెప్తాం మేడమ్, రేపు ఎన్నింటికి రాగలరు?" జీతం ఇంత అని ఫోన్లో చెప్పలేని ఉద్యోగం నా చేతి మీదుగా ఇంతవరకు పోలేదు. అలాంటి జవాబు వస్తే వెళ్ళొద్దనే నా సలహా. వెళ్ళి చూడాలని ఉంటే వెళ్ళండి కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు, డబ్బు, ఏటీఎం కార్డు ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఆ రోజు ఏ కాగితం మీదా సంతకం పెట్టనని ముందే గట్టిగా అనుకోండి.

పేరు చెప్తే ఆ పేరుతో నెట్‌లో వెతకండి. ఆఫీసు బోర్డు మీద ఒక పేరు, వస్తువు మీద ఇంకో పేరు ఉంటాయి చాలాసార్లు. రెండింటి గురించీ వెతకాలి. పేరు పక్కన "కంప్లైంట్", "జీతం", "ట్రైనింగ్" అని వేసి చూడండి. కంపెనీ సొంత పేజీలో నవ్వుతున్న ఫోటోలు చూసి నిర్ణయానికి రావద్దు.

కుర్చీలు లెక్కపెట్టండి

నా ఇంటర్వ్యూకి నాతో కలిపి పద్నాలుగు మంది వచ్చారు. అందర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. టై కట్టుకున్న ఒకాయన, మాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద ఉంటాడేమో, గంటన్నర మాట్లాడాడు. ఏం అమ్మాలో చివరి పావుగంటలో చెప్పాడు. అంతకు ముందంతా తను ఎలా పైకొచ్చాడో, కారు ఎప్పుడు కొన్నాడో. తర్వాత ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి మూడు నిమిషాలు మాట్లాడాడు. నన్ను అడిగినవి రెండే: "మీరు మనుషులతో ఈజీగా కలిసిపోతారా?", "మీ చుట్టాలు, ఫ్రెండ్స్ మీ మాట వింటారా?" రెండో ప్రశ్న ఎందుకు అడిగాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

"మీ పద్నాలుగు మందిలో నలుగుర్నే తీసుకుంటాం, సాయంత్రం ఫోన్ చేస్తాం" అన్నాడు. సాయంత్రం దాకా టెన్షన్‌తో అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఫోన్ వచ్చింది, సెలెక్ట్ అయ్యానని. ఆ సంతోషంలో నాన్నకి, అమ్మకి, పక్కింటి వాళ్ళకి కూడా చెప్పేశాను. మర్నాడు ట్రైనింగ్‌కి వెళితే పదమూడు మంది కూర్చుని ఉన్నారు. రాని ఆ ఒక్కరూ తనే మానేశారట.

అందుకే చెల్లికి చెప్పాను, ఇంటర్వ్యూలో కుర్చీలు లెక్కపెట్టుకో, మర్నాడు ట్రైనింగ్‌లో మళ్ళీ లెక్కపెట్టు అని. దాదాపు అందరూ పాసైపోయే ఇంటర్వ్యూలో ఎవర్నీ ఎంచుకోవడం లేదు. వాళ్ళకి జీతం ఇచ్చే పని లేదు కాబట్టి ఎంతమంది చేరినా నష్టం లేదు. పదమూడు మంది చేరి పది మంది నెలలోపు మానేసినా, మానేసేలోపు ఒక్కొక్కరూ తమ ఇంటివాళ్ళకి రెండో మూడో అమ్మి పోతారు.

ట్రైనింగ్ మూడు రోజులు, రోజుకి ఆరు గంటలు. దానికి డబ్బులు లేవు. "కాలేజీలో ఫీజు కట్టి నేర్చుకుంటారు కదా, ఇక్కడ ఫ్రీగా నేర్పిస్తున్నాం" అన్నారు. ఆ మాట మాకందరికీ న్యాయంగానే అనిపించింది. ఇప్పుడు నన్నడిగితే, ఎన్నింటికి రావాలో, ఎక్కడ కూర్చోవాలో, ఏం మాట్లాడాలో ఒకరు చెప్తూ, ఇంకొకరు అది చేస్తూ ఉంటే అది పనే. వాళ్ళ వస్తువు గురించి నేను బట్టీపట్టిన పదకొండు పేజీల స్క్రిప్టు నాకు ఇంకెక్కడా పనికి రాలేదు.

పేర్ల పుస్తకం

ఇక్కడ కాస్త నిలబడి చెప్తాను, ఎందుకంటే అసలు సంగతి ఇదే.

ట్రైనింగ్ రెండో రోజు మధ్యాహ్నం మా అందరికీ తలా ఒక సన్నటి పుస్తకం ఇచ్చారు. లోపల ఒకటి నుంచి వంద వరకు నంబర్లు వేసిన గీతలు. పేరు, ఫోన్ నంబరు, ఏమవుతారు, ఇద్దరూ ఉద్యోగం చేస్తారా, సొంత ఇల్లా అద్దె ఇల్లా. గుర్తు రాకపోతే సాయానికి పక్క పేజీలో ఒక పట్టిక: అమ్మ వైపు వాళ్ళు, నాన్న వైపు వాళ్ళు, స్కూల్లో చదువు చెప్పిన టీచర్లు, నాన్న ఆఫీసు వాళ్ళు, ఇంతకు ముందున్న ఇంటి ఓనర్లు, ఎప్పుడూ చూపించుకునే డాక్టర్, అన్నయ్య స్నేహితులు. గంట టైమిచ్చారు. ఎవరు ఎక్కువ పేర్లు రాస్తే వాళ్ళకి చప్పట్లు. నేను అరవై నాలుగు రాశాను. మా పిన్ని నంబరు, మా ఏడో తరగతి లెక్కల మాస్టారి నంబరు, అన్నీ. చప్పట్లు కొడుతుంటే ఏదో సాధించాననుకున్నాను.

"వాళ్ళకి అమ్మక్కర్లేదు, ఊరికే ప్రాక్టీస్ కోసం చూపించండి చాలు. మీవాళ్ళు కదా, అరగంట ఇవ్వరా?" అన్నారు. డెమో అయిపోయాక "నాకు మార్కులు పడాలంటే మీకు తెలిసిన ఐదుగురి పేర్లు ఇవ్వండి పిన్నీ" అని అడగాలట. అది కూడా స్క్రిప్టులోనే ఉంది. పిన్ని అన్న చోట ఖాళీ గీత ఉంది, మనం వరస నింపుకోవాలి.

అంటే ఆ కంపెనీకి నా దగ్గర కావలసింది నా తెలివి కాదు, నా చదువు కాదు, నా ఓపిక కూడా కాదు. నేనంటే ప్రేమ ఉన్న అరవై నాలుగు మంది. ఆ అరవై నాలుగు ఇళ్ళ తలుపులు వాళ్ళు తడితే తెరుచుకోవు, నేను తడితే తెరుచుకుంటాయి. పేర్లు అయిపోగానే నాతో పని కూడా అయిపోయింది. మూడో వారంలో నా పేర్లు అయిపోయాక మా మేనేజర్ నన్ను పలకరించడం కూడా తగ్గించాడు.

మీకు పేర్ల పుస్తకం ఇస్తే ఒక్క మాట అడగండి: "మొదటి నెల నేను నాకు తెలిసినవాళ్ళ దగ్గరికి వెళ్ళను. కంపెనీయే అడ్రసులు ఇస్తుందా?" ఇస్తామంటే అది కష్టమైనదే అయినా ఒక అమ్మకం ఉద్యోగం. ముందు మీవాళ్ళతోనే మొదలుపెట్టాలంటే లేచి వచ్చేయండి. అప్పటికే పేర్లు రాసి ఉంటే ఆ పేజీలు చింపుకుని తెచ్చుకోండి, మొహమాటపడొద్దు. అవి వేరేవాళ్ళ ఫోన్ నంబర్లు, వాళ్ళనడక్కుండా ఇచ్చే హక్కు మనకి లేదు. నేను ఆ పుస్తకం అక్కడే వదిలేసి వచ్చాను. నేను మానేసిన తర్వాత కూడా నా పేరు చెప్పి మావాళ్ళకి ఎవరెవరో కొత్త పిల్లలు ఫోన్లు చేశారు. "నీ స్నేహితురాలట, నీ కోసం ఏదో చూపిస్తుందట" అని మా మాస్టారు ఫోన్ చేసి అడిగినప్పుడు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

గోధుమరంగు నీళ్ళు

మేం అమ్మింది నీళ్ళ ఫిల్టరు. డెమోకి ఒక చిన్న పెట్టె ఇచ్చారు, దానికి కొంత డిపాజిట్ కట్టించుకుని. ఆ పెట్టెకి కింద రెండు జతల లోహపు కడ్డీలు వేలాడుతుంటాయి. ఒక గ్లాసులో మామూలు కుళాయి నీళ్ళు, ఇంకో గ్లాసులో మా ఫిల్టరు నీళ్ళు పట్టి, కడ్డీలు ముంచి, స్విచ్ వేయాలి.

మొదటి డెమో మా మేనత్త ఇంట్లో. వంటగదిలో చిన్న బల్ల మీద గ్లాసులు పెట్టాను. నా చేతులు వణుకుతున్నాయి. స్విచ్ వేయగానే కుళాయి నీళ్ళలో ముందు చిన్న బుడగలు, తర్వాత పసుపుపచ్చని పొగలాంటిది కిందికి దిగింది. నిమిషంలో గోధుమరంగు, రెండు నిమిషాలకి పైన తుప్పు రంగు తెట్టు. పక్క గ్లాసులో ఫిల్టరు నీళ్ళు మాత్రం ఉన్నవి ఉన్నట్టు తేటగా ఉన్నాయి. "ఇన్నాళ్ళూ మీరు తాగుతున్నది ఇది అత్తయ్యా" అన్నాను, స్క్రిప్టులో ఉన్నట్టే. అత్తయ్య ఆ గ్లాసు వైపు చూసింది, తర్వాత నా వైపు చూసింది. కొంటామంది. మావయ్య పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు.

పది రోజుల తర్వాత మావయ్య ఫోన్ చేశాడు. "ఆ పెట్టె పట్టుకుని ఒకసారి ఇంటికి రామ్మా." ఆయన హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాడు. రెండు గ్లాసుల్లోనూ ఫిల్టరు నీళ్ళే పట్టమన్నాడు. ఒకదాంట్లో చిటికెడు ఉప్పు వేసి కలిపాడు. "ఇప్పుడు పెట్టు." ఉప్పు వేసిన గ్లాసు ఆ రోజు కుళాయి నీళ్ళకన్నా ముందే రంగు మారింది.

"నీళ్ళలో కరిగిన లవణాలుంటే కరెంటు పారుతుంది. కరెంటు పారితే కడ్డీలో ఇనుము కరిగి తుప్పై తేలుతుంది. ఫిల్టరు లవణాలు తీసేసింది కాబట్టి ఆ గ్లాసులో కరెంటు సరిగ్గా పారలేదు, అందుకని రంగు రాలేదు. ఆ గోధుమరంగు కడ్డీది, నీళ్ళది కాదమ్మా" అన్నాడు. మామూలు తాగునీటిలో కొంత కాల్షియం, మెగ్నీషియం లాంటివి ఎలాగూ ఉంటాయి, అవి ఉన్నంత మాత్రాన మురికి నీళ్ళు కావు. హాని చేసే సూక్ష్మజీవులు ఉన్నాయో లేదో ఆ పెట్టె చెప్పలేదు, దానికి ల్యాబు పరీక్ష చేయించాలి.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు మావయ్యా?" అన్నాను. "నువ్వు చెమటలు కక్కుతూ చెప్తున్నావు. మధ్యలో ఆపితే ఎక్కడ ఏడుస్తావో అనిపించింది." అంటే వాళ్ళు ఆ ఫిల్టరు నీళ్ళ కోసం కొనలేదు. నా కోసం కొన్నారు.

మీకు ఇచ్చే వస్తువు ఫిల్టరు కాకపోవచ్చు. కత్తులు కావచ్చు, పుస్తకాల సెట్టు కావచ్చు, మందుల్లాంటి పొడులు కావచ్చు. ఏదైనా సరే, డెమో నేర్పగానే ఇంటికొచ్చి ఒంటరిగా చేసి చూడండి. ఒక్క చిన్న విషయం మార్చి మళ్ళీ చేయండి. గ్లాసులు తారుమారు చేయండి, కొత్త కత్తితో పోల్చి చూపించడానికి వాళ్ళిచ్చిన పాత కత్తిని ముందు సాన పట్టండి. మార్చగానే ఫలితం తలకిందులైతే అది డెమో కాదు. ఒక సైన్సు టీచరుకి చూపించి ఎలా పని చేస్తుందో అడగండి. అలాంటి వస్తువే మామూలు షాపులో ఎంతకి దొరుకుతుందో, రిపేరు వస్తే ఎవరు చూస్తారో కూడా కనుక్కోండి. మీరు రేపు లేకపోయినా ఆ వస్తువు మీ చుట్టాల ఇంట్లోనే ఉంటుంది.

గంటల లెక్క

నా పాత డైరీ ఇంకా ఉంది. ఆ ఇరవై ఒక్క రోజులకి కూడితే ఇలా వచ్చింది. ట్రైనింగ్ 18 గంటలు. పొద్దున్నే ఆఫీసులో మీటింగులు, చప్పట్లు, నినాదాలు 28 గంటలు. అపాయింట్‌మెంట్ల కోసం ఫోన్లు 22 గంటలు. బస్సుల్లో 35 గంటలు. అసలు డెమోలు 31 గంటలు. మొత్తం 134 గంటలు. అమ్మినవి నాలుగు. మూడు మావాళ్ళకి, ఒకటి నాకు తెలియని ఆవిడకి. ఆవిడ వారంలోనే వెనక్కి ఇచ్చేసింది, దాంతో నాకు ఇచ్చిన కమీషన్ కూడా కోసేశారు. మూడు కమీషన్లలోంచి బస్సు ఛార్జీలు, ఫోన్ రీఛార్జి, పెట్టె డిపాజిట్‌లో తిరిగి ఇవ్వని భాగం తీసేసి, మిగిలినదాన్ని 134తో భాగిస్తే, అదే సెలవుల్లో ట్యూషన్ చెప్పిన నా స్నేహితురాలికి గంటకి వచ్చినదాంట్లో ఆరో వంతు కూడా రాలేదు.

అక్కడ మాత్రం లెక్క వేరేగా చెప్తారు. డెమో గంట పడుతుంది, ఒక అమ్మకానికి కమీషన్ ఇంత, కాబట్టి గంటకి ఇంత అంటారు. ఫోన్లు, ప్రయాణం, మీటింగులు, అమ్ముడుపోని డెమోలు అందులో కలపరు. ఎవరైనా "గంటకి ఇంత" అంటే, ఇంట్లోంచి బయల్దేరినప్పటి నుంచి తిరిగొచ్చే దాకా గంటలు వేసుకోండి, మీ జేబులోంచి పోయిన ఖర్చు తీసేయండి, అప్పుడు భాగించండి. మొదటి వారమే ఇది చేయండి. నేను ఆరేళ్ళ తర్వాత చేశాను.

ఇంకో మాట కూడా వింటారు: "అమ్ముడైనా కాకపోయినా డెమోకి ఇంత గ్యారంటీ." దీనికి షరతులుంటాయి. మాకున్నవి ఇవి: భార్యాభర్తలిద్దరూ ఎదురుగా ఉండాలి, డెమో పూర్తిగా చూడాలి, ఫారం మీద సంతకం పెట్టాలి, వారానికి పదిహేను డెమోలు తగ్గకూడదు, కమీషన్ వస్తే గ్యారంటీ డబ్బు రాదు. నాకు ఆ డబ్బు ఒక్క వారం కూడా రాలేదు. గ్యారంటీ అనగానే "షరతులన్నీ కాగితం మీద ఇవ్వండి, ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటాను" అనండి.

సంతకం పెట్టమనే కాగితంలో "ఇండిపెండెంట్", "డిస్ట్రిబ్యూటర్", "కాంట్రాక్టర్" లాంటి మాటలుంటే ఆగండి. దానర్థం మీరు వాళ్ళ ఉద్యోగి కాదని. కనీస వేతనం వర్తించదని, దారిలో ఏదైనా జరిగితే వాళ్ళకి సంబంధం లేదని, ఖర్చులన్నీ మీవేనని వాళ్ళు వాదించడానికి ఆ ఒక్క మాట చాలు. స్వతంత్రులమే అయితే పొద్దున తొమ్మిదికి మీటింగుకి రాకపోతే ఎందుకు తిట్టేవారు? ఆ ప్రశ్న అప్పుడు అడగాల్సింది.

మనుషుల్ని చేర్చమన్నప్పుడు

అమ్మకాలు తగ్గగానే "టీమ్ కట్టు" అంటారు. నీ ఫ్రెండ్స్‌ని తీసుకురా, వాళ్ళు అమ్మినదాంట్లో నీకూ వాటా అంటారు. ఇక్కడ చట్టం కూడా వస్తుంది.

అమెరికాలో వ్యాపార మోసాల మీద చర్యలు తీసుకునే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1975లో కోస్‌కాట్ అనే సౌందర్య సాధనాల కంపెనీ కేసులో ఇచ్చిన నిర్ణయాన్ని ఇప్పటికీ అక్కడ కొలబద్దగా వాడతారు. అమ్మే హక్కు కోసం డబ్బు కట్టించుకోవడం, సరుకు అసలు వాడేవాళ్ళకి అమ్ముడైందా లేదా అన్నదానితో సంబంధం లేకుండా మనుషుల్ని చేర్చినందుకు ప్రతిఫలం ఇవ్వడం, ఈ రెండూ కలిస్తే అది పిరమిడ్, అంటే కొత్తగా చేరేవాళ్ళ డబ్బు మీదే నడిచే మోసం. అదే కమిషన్ 2015 ఆగస్టులో వెమ్మా అనే హెల్త్ డ్రింకుల కంపెనీ మీద కోర్టుకి వెళ్ళింది. ఆ కంపెనీ గురిపెట్టింది కాలేజీ విద్యార్థుల్నే. మొదట 600 డాలర్ల ప్యాకు కొనమని, బోనస్‌కి అర్హత పోకుండా ఉండాలంటే నెలనెలా 150 డాలర్ల సరుకు కొనమని వాళ్ళని ప్రోత్సహించేదని ఆరోపణ. 2016 డిసెంబరులో ఆ కేసు సెటిల్‌మెంట్‌తో ముగిసింది, పిరమిడ్ పద్ధతిలో వ్యాపారం చేయకూడదన్న ఆంక్షతో.

ఇండియాలో 1978 నుంచే మనీ సర్క్యులేషన్ పథకాల్ని, అంటే మనుషుల్ని చేర్చితే డబ్బు వస్తుందని ఆశపెట్టే పథకాల్ని నిషేధించే చట్టం ఉంది. 2021 డిసెంబరులో డైరెక్ట్ సెల్లింగ్ (షాపు లేకుండా మనుషుల ద్వారా నేరుగా అమ్మడం) మీద వినియోగదారుల రక్షణ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం డైరెక్ట్ సెల్లింగ్ పేరుతో పిరమిడ్ పథకం నడపకూడదు. అమ్మేవాళ్ళు గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకోకుండా ఎవరింటికీ వెళ్ళకూడదు. వస్తువు ధర, వెనక్కి ఇచ్చే పద్ధతి, గ్యారంటీ గురించి పూర్తిగా, ఉన్నదున్నట్టు చెప్పాలి. నాకు కార్డు ఇవ్వకుండా తలుపులు తట్టమన్న కంపెనీ ఇప్పుడు అలా చేస్తే ఈ నిబంధన మీరినట్టే. మీ మెడలో కార్డు లేకుండా పంపిస్తుంటే ఆ ఒక్క కారణం చాలు ఆగిపోవడానికి.

టీమ్ కట్టమన్నప్పుడు అడగాల్సింది ఇదీ: "ఎవర్నీ చేర్చకుండా, అమ్మకాల మీదే బతుకుతున్న మనిషిని ఈ ఆఫీసులో ఒకర్ని చూపించండి." మా ఆఫీసులో అలాంటివాళ్ళు ఒక్కరూ లేరు.

బయటికి వచ్చేటప్పుడు

మానేస్తానంటే మేనేజర్ రూమ్‌లోకి పిలిచి గంటసేపు కూర్చోబెడతారు. "అందరూ మొదట్లో ఇలాగే అనుకుంటారు", "రేపు నువ్వే బాధపడతావ్", "గెలిచేవాడు మధ్యలో వదలడు" అంటారు. నేను రెండుసార్లు అలా వెళ్ళి రెండుసార్లూ మళ్ళీ పనిలో చేరి బయటికొచ్చాను. మూడోసారి వెళ్ళలేదు, మెసేజ్ పెట్టాను. మీరూ రాతలోనే చెప్పండి: "ఈ రోజు నుంచి నేను పని మానేస్తున్నాను. పెట్టె ఫలానా రోజు తెచ్చి ఇస్తాను, నా డిపాజిట్, రావలసిన కమీషన్ ఇవ్వండి. నేను ఇచ్చిన ఫోన్ నంబర్లకి ఎవరూ ఫోన్ చేయవద్దు." కారణం రాయకండి. కారణం రాస్తే దానికి వాళ్ళ స్క్రిప్టులో జవాబు ఉంటుంది.

పెట్టె ఇచ్చేటప్పుడు ఫోటోలు తీసుకోండి, రసీదు తీసుకోండి, ఒంటరిగా కాకుండా ఇంట్లో పెద్దవాళ్ళని ఒకర్ని తీసుకెళ్ళండి. మా నాన్న నాతో వచ్చి కుర్చీలో ఊరికే కూర్చున్నాడు, ఒక్క మాట మాట్లాడలేదు. పావుగంటలో పని అయిపోయింది. కొన్నవాళ్ళకి డబ్బు తిరిగి ఇవ్వకపోతే ఇండియాలో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి వాళ్ళ చేత ఫిర్యాదు చేయించవచ్చు. జీతం బకాయి సంగతైతే కార్మిక శాఖ ఆఫీసులో అడగండి. అమెరికాలో చదువుకుంటూ ఇలాంటిదాంట్లో ఇరుక్కుంటే, అక్కడ ఇంటికొచ్చి అమ్మిన 25 డాలర్లు, ఆపైన ఖరీదైన వస్తువుల్ని కొన్నవాళ్ళు మూడు పనిదినాల్లోపు రద్దు చేసుకోవచ్చని ఒక ఫెడరల్ నిబంధన ఉంది. మీ చుట్టాలకి అమ్మేసి ఉంటే ఆ గడువు దాటకముందే మీరే వాళ్ళకి చెప్పండి.

ఆ చెప్పడమే అన్నిటికన్నా కష్టం. కానీ వాయిదా వేయొద్దు. నేను ముగ్గురిళ్ళకీ వెళ్ళాను. ఇలా జరిగింది, డెమో నిజం కాదు, నాకు తెలియక చూపించాను అని చెప్పాను. నాన్న స్నేహితుడు ఫిల్టరు వెనక్కి ఇచ్చేశాడు. పిన్ని ఉంచుకుంటానంది, వాళ్ళ బోరు నీళ్ళు నిజంగానే ఉప్పగా ఉంటాయి, ఆ ఇంటికి ఫిల్టరు అవసరమే. మేనత్త మాత్రం నా మాట పూర్తి కానివ్వలేదు, లోపలికెళ్ళి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఆ ఫిల్టరు ఇప్పటికీ వాళ్ళ వంటగదిలో ఉంది. ఏడాదికోసారి దానికి కాట్రిడ్జ్ మార్పించాలి. మొదటి జీతం వచ్చిన నెల నుంచి ఆ ఖర్చు నేనే పెట్టుకుంటున్నాను, ఈసారి గడువు వచ్చే నెల మొదటి వారంలో.